ఏడు మిస్డ్ కాల్స్

26 మే 2025, సోమవారం

ప్రాజెక్టు గ్రూపులో ఇంకా తిడుతూనే ఉన్నారు. మార్చి నెల విడుదలలో వెర్షన్ నంబరు మార్చడం మరిచిపోయాను, అదే నా నేరం. బళ్లారి ఆయనెవరో "ఈ ప్రాజెక్టుకు మనుషులున్నారా?" అని అడిగాడు. ఉన్నారు నాయనా, ఒకటిన్నర మంది. ఒకటి నేను, అర భూపేష్. వాడు కడపలో పెట్టెలు బిగిస్తాడు, కోడ్ జోలికి రాడు.

నాలుగు వందల పన్నెండు బోరు మోటార్లకు మా "తడి" పెట్టెలున్నాయి. రైతు ఫోన్లో నొక్కితే మోటారు ఆడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కోడ్ అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దిద్దడానికి ఎవరూ రారు, తిట్టడానికి మాత్రం పొద్దున్నే లేస్తారు.

28 మే

ఈ రోజు ఓపిక తెచ్చుకుని పనుల జాబితా రాశాను. కొత్త వెర్షన్ అందరికీ పంపేముందు పరీక్షకు పెట్టే కాపీ, అంటే రిలీజ్ క్యాండిడేట్, తయారుచేయాలి కదా, దానికి పంతొమ్మిది పనులు. నంబరు మార్చాలి, మార్పుల చిట్టా రాయాలి, బిల్డ్ చేయాలి, పరీక్షలు నడపాలి, సంతకం కీ వేయాలి. ఆ క్యాండిడేట్‌ను ఆస్పరి దగ్గర దేవేంద్రప్ప మామ పెట్టెకు మాత్రమే పంపాలి. ఆయన పొలంలో అది ఏడు రోజులు ఆడాలి. ఏడు రోజులూ పొద్దున ఎనిమిదింటికి ఆయన నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఏడూ వస్తేనే మిగతా అందరికీ.

మిస్డ్ కాల్ ఏర్పాటు ఆయనదే. మూడేళ్ల కిందట, "బాగుంటే మాట్లాడేదానికేముండాది తల్లీ? ఒక రింగిచ్చి పెట్టేస్తా. బాగలేకుంటే మోగిస్తానే ఉంటా, నువ్వెత్తు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆగకుండా మోగించింది ఒక్కసారే.

పంతొమ్మిది పనులూ మిషన్‌కు అప్పగించేస్తాను. ఆఫీసు పని బెంగళూరు వాళ్లకు చేస్తూ, ఇది కూడా ఒంటి చేత్తో చేసే వయసు దాటిపోయింది.

2 జూన్

పద్దెనిమిది అయ్యాయి. మిగిలింది దేవేంద్రప్ప మామే.

4 జూన్

అయిపోయింది! పాత ఫోన్ ఒకటి అల్మారాలో పడి ఉంటే దానికి కొత్త సిమ్ వేసి సర్వర్‌కు కలిపాను. మామ నంబరు నుంచి రింగ్ రాగానే కట్ చేసి, లెక్కలో ఒకటి వేసుకుంటుంది. ఏడు కాగానే విడుదల తానే చేసేస్తుంది. మామ నంబరు చోట నా నంబరు పెట్టి ఏడుసార్లు రింగిచ్చి చూశాను, చక్కగా పనిచేసింది. మొదటి రింగుకే ఎందుకు కట్ చేయాలంటే, లేకపోతే అది మోగుతూ కూర్చుంటుంది, వేరే పని చూడదు. మామ ఎలాగూ ఒక రింగే ఇస్తాడు.

సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి కొత్త నంబరు చెప్పాను. "ఇంక దీనికే ఇవ్వు మామా. నాకు ఆఫీసు మీటింగులుంటాయి, నా నంబరుకు వద్దు" అన్నాను. రెండుసార్లు తిరిగి చదివించుకుని రాసుకున్నాడు. పాపం, అక్షరం పొల్లుపోనివ్వడు.

9 జూన్, సోమవారం

కొత్త క్యాండిడేట్ మామ పెట్టెకు వెళ్లింది. నా చెయ్యి పడకుండా వెళ్లిన మొదటిది. ఒక్క ఆదేశం ఇచ్చి టీ పెట్టుకునేలోపల అంతా అయిపోయింది.

ఈసారి రైతులు రెండేళ్లుగా అడుగుతున్నది ఉంది. కరెంటు పోయి వస్తే, అంతకుముందు ఆడుతున్న మోటారు తనే మళ్లీ మొదలవుతుంది. ఆఫ్ చేసి ఉంటే ఆఫ్‌లోనే ఉంటుంది. పరీక్షలన్నీ పాసయ్యాయి.

రేపు బెంగళూరుకు. ఆఫీసు వాళ్లు ఐదు రోజులు మనిషి కనబడాలన్నారు.

11 జూన్, బెంగళూరు

మీటింగులో ఉండగానే ఫోన్లో మెసేజ్: "విడుదల పూర్తయింది, 412 పెట్టెలకు." నేను వేలు కదపలేదు! రోజులు ఎలా గడిచిపోతున్నాయో తెలియడం లేదు. గ్రూపులో నలుగురు చప్పట్లు పెట్టారు. బళ్లారి ఆయన కూడా.

14 జూన్

కల్లూరులో ఇల్లు చేరాను. షేర్ ఆటోలో నా ఒళ్లో బంగినపల్లి బుట్ట పెట్టిందొకావిడ, దిగేటప్పుడు రెండు కాయలు చేతిలో పెట్టింది. బాగా నిద్రపోయాను.

20 జూన్, శుక్రవారం

భూపేష్ పొద్దున ఫోన్ చేశాడు. వేంపల్లె దగ్గర ఊళ్లో, నిన్న, బోరు దగ్గర కేబులు అతుకు వేస్తూ ఒకాయన కరెంటు కొట్టి చనిపోయాడు. పేరు ఓబులేసు. నలభై ఏళ్లుంటాయేమో. చీనీకాయల తోట. మా పెట్టె ఉంది.

"కరెంటు పోయిండాదని పని మొదలుపెట్న్యాడంట అక్కా. మద్దెలో కరెంటొచ్చె, మోటారు ఆడె. పొద్దన్నే పెండ్లాంతో పోట్లాడి పోయినాడంట. ఆ కోపంలో ఆఫ్ చేసేది మర్చిపోయినాడంటాండారు ఊర్లో" అన్నాడు.

"స్టార్టరులో ఫీజులు పీకలేదా?" అని అడిగాను.

"పీకల్యా. అదే అంటాండారు అందరూ."

ఫీజులు పీకకుండా వైరు ముట్టుకోవడమేమిటి? పెట్టె మీదే ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

21 జూన్

ఆఫ్ చేయడం మరిచిపోయాడు. ఆడుతున్న మోటారు కరెంటు రాగానే మళ్లీ ఆడింది. పెట్టె చేయాల్సింది చేసింది.

22 జూన్

ఫీజులు పీకలేదు.

23 జూన్, సోమవారం

నాలుగు రోజులుగా సర్వర్ వైపు చూడలేదు. ఆఫీసు పని ఎక్కువగా ఉందని చెప్పుకుంటున్నాను, అంత పనేమీ లేదు. ఈ రోజు చూశాను.

19 జూన్, 9:42. ఆఫ్. అతని ఫోన్ నుంచి.
9:58. కరెంటు లేదు.
10:31. కరెంటు వచ్చింది.
10:31. ఆన్.

అతను మరిచిపోలేదు. ఆఫ్ చేసే వెళ్లాడు.

24 జూన్

తప్పు దొరికింది. పెట్టెలో చిన్న బ్యాటరీ ఉంది, అది పది నిమిషాలు ఆగుతుంది. కరెంటు అంతకు మించి పోతే పెట్టెకు ఆఫ్ సంగతి గుర్తుండదు. గుర్తు లేకపోతే ఆన్ అనుకోమని రాశాను. ఆ వరుస నేనే రాశాను, మే నెలలో, ఒక ఆదివారం. నా కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి పెట్టెకు బ్యాటరీ ఎప్పుడూ అయిపోదు కదా, పాసవక ఏం చేస్తుంది?

పాత వెర్షన్‌ను వెనక్కి పంపించాను. మార్పుల చిట్టాలో "చిన్న సవరణలు" అని రాశాను. ముప్పై ఒక్క పెట్టెలకు అందలేదు. సిగ్నల్ లేని చోట్లు. వర్షాలు పడితే కొంత మెరుగవుతుంది.

భూపేష్‌కు చెప్పాను. ఇంకెవరికైనా చెప్పానా అని ముందు అడిగాడు. తర్వాత, "సర్వర్లో ఉండేది మనకు తప్ప ఎవురికి తెల్సు అక్కా? తీసెయ్. ఆయప్ప ఎట్లాగూ పోయినాడు. మనం నోరిప్పితే నాలుగు వందల మంది పెట్టెలు పీకి రోడ్డున పారేస్తారు, మళ్లా కట్టెలతో స్టార్టర్లు నొక్కుకుంటా పామూ పుట్రలో తిరుగుతారు" అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు.

25 జూన్

తీసేయలేదు. ఉంచాలని కూడా అనుకోలేదు.

26 జూన్

దేవేంద్రప్ప మామ పొలంలో ఏడు రోజులు ఆడింది కదా. కరెంటు ఆ ఏడు రోజుల్లో ఒక్కసారీ పది నిమిషాలు పోలేదా? ఆస్పరి వైపు? నవ్వొస్తుంది. మామ గమనించలేదేమో. పెద్దవాడైపోయాడు.

27 జూన్

మామ గమనించకపోవడమేమిటి? మోటారు చప్పుడు ఒక పిసరు మారితే చెప్పేవాడు.

28 జూన్, శనివారం

పాత ఫోన్ చిట్టా తీశాను. తారీఖులు చూసి మొదట అర్థం కాలేదు. మళ్లీ చూశాను.

జూన్ 10న ఒకటి. పొద్దున ఎనిమిదింటికి.
జూన్ 11న పదకొండు. 7:52 నుంచి 8:20 వరకు.

క్యాండిడేట్ పంపింది తొమ్మిదిన. అందరికీ వెళ్లింది పదకొండున. మధ్యలో రెండు రోజులు. నేను బెంగళూరులో కూర్చుని రోజులు గడిచిపోతున్నాయని రాసుకున్నాను.

ఆయన ఆ పొద్దున మోగిస్తూనే ఉన్నాడు. మోగించిన ప్రతిసారీ నా ఫోన్ కట్ చేసింది. కట్ చేసిన ప్రతిసారీ బాగుందని ఒకటి లెక్కేసుకుంది. ఆరో కాల్‌తో ఏడు నిండాయి. ఆ తర్వాతి ఐదు దేనికీ లెక్కలోకి రాలేదు.

నేను రోజులు లెక్కపెట్టమని రాయలేదు. ఏడు రింగులు లెక్కపెట్టమని రాశాను.

29 జూన్, ఆదివారం

ఆస్పరికి వెళ్లాను. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచాను, ఆటో వచ్చినా ఎక్కలేదు.

మామ స్టార్టరు పక్కన గొనె సంచి మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబు బరువుగా వేలాడుతోంది. మూడు ఫీజులూ అందులో ఉన్నాయి. మోటారు ఆడించాలంటే వాటిని బిగిస్తాడు, ఆపగానే పీకి జేబులో వేసుకుంటాడు. పద్దెనిమిది రోజులుగా అదే పని.

"రామ్మా యశోదమ్మా. సరి చేసినావా?" అన్నాడు.

"ఏది మామా?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు.

"అదే, ఆఫ్ చేసినా ఆడతాండ్య కదా. కరెంటు పోయొస్తే చాలు, దానంతట అదే. ఆ పొద్దు పదకొండు తూర్లు చేస్తిని కదా నీకు."

"నేను ఎత్తలేదు కదా మామా."

"ఎత్తల్యా, కట్ చేస్తాంటివి. మొదటి తూరి కట్ అయితే పనిలో ఉండాదిలే అనుకొంటి. ఇంగోసారి చేస్తి. మళ్లా కట్. చేసినప్పుడల్లా కట్. అన్నితూర్లు కట్ చేస్తాందంటే, యమ్మకు తెలిసిపోయిండాది, ఇంగ చేయొద్దంటాంది అని ఊరకైతిని. నీకు తెలిసినాక నాకేం భయం?"

మా వైపు అందరం చేసేది అదే. కాల్ కట్ చేస్తే విన్నానని అర్థం, నేనే చేస్తానని అర్థం. నేను కూడా రోజుకు పదిసార్లు అలా కట్ చేస్తాను. ఆయనకు కట్ చేసింది నేనే అనుకున్నాడు.

సోమక్క మజ్జిగ తెచ్చి ఇస్తూ, "ఆ పొద్దే చెప్తి నేను, ఆ యమ్మ సొంత నంబరుకు చేయప్పా అని. 'దానికి చేయొద్దు, ఆఫీసుంటాది అని చెప్పిండాది, చెప్పినట్లే చేయల్ల' అనె. మాటంటే మాటే ఈయనకు" అంది. మొగుడి మీద కోపమూ గర్వమూ రెండూ ఉన్నాయి ఆ గొంతులో.

మజ్జిగ తాగి గ్లాసు దించాను.

"ఇంగ యాడా ఎవురికీ ఏం కాల్యా కదా?" అని మామ అడిగాడు.

"లేదు మామా" అన్నాను.

30 జూన్

"లేదు మామా" అన్నాను. ఆయన ముఖం చూస్తూ అన్నాను. రాత్రంతా అదే.

ఆఫీసుకు సెలవు పెట్టి, పాత వెర్షన్ అందని ముప్పై ఒక్క మందికి ఫోన్ చేశాను. సోమవారమైతే ఏమిటి, ఆ పని ఆరు రోజుల కిందట చేయాల్సింది. ఆఫ్‌ను నమ్మవద్దని, ఫీజులు పీకి పెట్టమని, తప్పు నాదని చెప్పాను. ఇద్దరు తిట్టారు. ఒకాయన మధ్యలోనే పెట్టేశాడు. రంగస్వామి అని, పత్తికొండ దగ్గర, ఆయన మాత్రం, "నాది కూడా మొన్న ఆడిందమ్మా. నేనే ఆఫ్ చేసేది మర్చిపోయిన్యానేమో అనుకొంటి. వయసైపోతాందని ఇంట్లో కూడా చెప్పల్యా" అన్నాడు. తప్పు పెట్టెది అని తెలిసి ఆయనకు ఎంత హాయిగా ఉందో గొంతులోనే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం గ్రూపులో అంతా రాశాను. తారీఖులు, ఏడు కాల్స్ సంగతి, నేను రాసిన వరుస, "చిన్న సవరణలు" అని రాసింది కూడా. ఓబులేసు పేరు రాయలేదు. ఆ ఇంటికి తెలియకముందు ఊరికి తెలియకూడదు.

1 జూలై

రెండు వందల పైచిలుకు జవాబులు. చదవలేదు. భూపేష్ ఫోన్ ఎత్తడం లేదు.

2 జూలై

దేవేంద్రప్ప మామకు చెప్పాను. వేంపల్లె సంగతి, ఫోన్ సంగతి, అన్నీ. నా సొంత నంబరు నుంచి చేశాను.

ఉండమని చెప్పి, ఆడుతున్న మోటారు ఆపి వచ్చాడు. తర్వాత, "అయితే నేను చేసిన ఫోన్లతోనే పోయిందా అది అందరికీ?" అన్నాడు.

"నీ తప్పు కాదు మామా, నేను రాసింది" అన్నాను.

"నేను ఒక తూరి చేసి ఊరకుండింటే పోయుండదు కదా?"

పోయుండదు. అది నిజం.

"ఆయప్పకు పిల్లోళ్లెంతమంది?" అని అడిగాడు. నాకు తెలియదు. అది కూడా కనుక్కోలేదు నేను.

3 జూలై

సోమక్క ఫోన్. మామ అన్నం తినడం లేదు, ఎవరు పిలిచినా ఫోన్ ముట్టుకోవడం లేదు. "నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండు" అంది. తర్వాత "అట్లా కూడా బాగుండదులే" అంది.

5 జూలై

భూపేష్ చివరికి మాట్లాడాడు. వాళ్లింటికి పోవద్దన్నాడు. "ఊర్లోకి పోయి చెప్తే కొట్టి పంపుతారక్కా" అన్నాడు. కొట్టనీ. పదహారు రోజులుగా ఆ ఊళ్లో అందరూ ఓబులేసు కోపంలో మరిచిపోయాడనుకుంటున్నారు. మరిచిపోలేదని తెలిసింది నాకొక్కదానికే. కాగితం మీద ప్రింటు తీసుకున్నాను. నాలుగు వరుసలే.

6 జూలై, ఆదివారం

ఇది వేంపల్లె బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. కడప బస్సు ఇంకా రాలేదు.

భూపేష్ ఊరి మలుపు దాకా బండి మీద తెచ్చి దించి, దూరంగా నిలబడ్డాడు. ఇంకో అడుగు వేయలేదు. నేను అడగలేదు.

ఓబులేసు భార్య కృష్ణవేణమ్మ ఇంటి ముందు వేరుశనగ కాయలు ఒలుస్తోంది. విత్తనానికి. ముప్పై ఐదు కూడా ఉండవు. ఇద్దరు ఆడపిల్లలు. అత్త లోపల ఉంది, గడప దాటి రాలేదు. ఎవరని అడిగింది కృష్ణవేణమ్మ. పెట్టె ప్రోగ్రాం రాసినదాన్నని చెప్పాను. కాయలు ఒలవడం ఆపలేదు.

"ఆయన మీద ఏం రాసుకుంటారు ఇంగా? కరెంటోళ్లు రాసుకొనె, పోలీసోళ్లు రాసుకొనె" అంది.

"రాసుకోవడానికి రాలేదమ్మా."

"మరి?"

నేను నాలుగు వరుసలూ చదివాను. తొమ్మిదీ నలభై రెండుకు ఆఫ్ చేశాడని చెప్పాను. కరెంటు వచ్చాక పెట్టె తానే ఆన్ చేసిందని చెప్పాను. అలా చేసేటట్టు రాసింది నేనని చెప్పాను. అది ముందే ఒకాయనకు తెలిసి నాకు చెప్పబోతే వినలేదని చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఆఫ్ చేసినాడా?" అంది.

"చేశాడమ్మా."

"ఇంగోసారి చెప్పు."

"తొమ్మిదీ నలభై రెండుకు ఆఫ్ చేశాడు. తన ఫోన్ నుంచే."

"ఆ పొద్దు సద్దిలో ఉప్పు ఎక్కువైందని అరిచినాడు. నేనూ అరిస్తి. నా మీద కోపంతోనే ఆఫ్ చేయకుండా పోయినాడంట. నేనే సంపినానంట." అరవలేదు, ఏడవలేదు. ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. "పదకొండో దినం నాడు మా అత్త నాకు అన్నానికి ఇస్తరాకు ఏయల్యా. మా అమ్మగారింటోళ్లకు కూడా ఏయల్యా."

నన్ను తిడుతుందని చూశాను. కాయలు పక్కకు నెట్టి లేచింది. నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా. లోపలికి లాక్కుపోయి మంచం మీద పడుకున్న ముసలామె ముందు నిలబెట్టింది.

"చెప్పు" అంది.

చెప్పాను. ముసలామె ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఇంగోసారి చెప్పు, ఇనపడల్యామో" అంది కృష్ణవేణమ్మ. మళ్లీ చెప్పాను. ముసలామె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కృష్ణవేణమ్మ ఆమెను ఓదార్చలేదు.

అక్కడి నుంచి పక్కింటికి. చెయ్యి వదల్లేదు. ఆ ఇంట్లో నలుగురు టీవీ చూస్తున్నారు. "ఈ యమ్మ చెప్పేది ఇనండి" అంది. చెప్పాను. తర్వాత మరిది ఇల్లు. తర్వాత పాల కేంద్రం దగ్గర కూర్చున్న మగవాళ్లు. అక్కడ ఒకాయన చెప్పు తీశాడు. కృష్ణవేణమ్మ అడ్డం నిలబడి, "ముందు చెప్పనీ చిన్నాయనా. అన్ని ఇండ్లల్లో చెప్పినాంక నీ ఇష్టం" అంది. ఆయన చెప్పు కింద వేశాడు. నేను చెప్పాను. ఎండకు నాలుక పిడచకట్టింది. మాటలు ఒక్కటి కూడా మార్చకుండా, ఎక్కువా తక్కువా కాకుండా, పదకొండు ఇళ్లలో చెప్పాను.

పన్నెండో ఇంటికి తాళం వేసి ఉంది. ఇన్నాళ్లూ అందరికంటే ఎక్కువగా ఆమెను అన్నది ఆ ఇంటావిడేనట. చేనికి పోయింది.

"నాకు బస్సు ఉందమ్మా" అన్నాను.

కృష్ణవేణమ్మ అప్పుడే మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నా చెయ్యి వదిలేసి, ఆ ఇంటి మెట్టు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"సాయంత్రం వస్తాది. కూచో" అంది.

కూర్చున్నాను. ఆమె కూడా పక్కనే కూర్చుంది. ఐదు గంటలకు ఆవిడ తలమీద గడ్డి మోపుతో వచ్చింది. మోపు దించకముందే నేను లేచి నిలబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను.